పేడపురుగుకి సాలెగాడు రాయునది

ఒరేయ్ పేడపురుగూ,

నీ ఉత్తరాలకి జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు, క్షమించరా. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఏడుస్తోంది. అవన్నీ తర్వాత.

మన పాత గొడవ గుర్తుందా? నీ గోలియత్ బీటిల్ అనే పెంకుపురుగు గొప్పదా, నా గోలియత్ టరాంటులా అనే సాలీడు గొప్పదా అని కొట్టుకు చచ్చేవాళ్లం కదా! రాత్రంతా దాని గురించే చదివాను. నీకు చెప్పేదాకా నాకు అన్నం సయించదు.

ముందు బరువు. దక్షిణ అమెరికా అడవుల్లో బొరియల్లో ఉండే నా సాలీడు 170 గ్రాముల దాకా తూగుతుంది. ఆఫ్రికాలో ఉండే నీ బీటిల్? దాని లార్వా 100 గ్రాముల దాకా పెరుగుతుంది. ఆగు, గంతులెయ్యకు. రెక్కలొచ్చి బయటికొచ్చేసరికి అందులో సుమారు సగమే మిగులుతుంది! అంటే నీ వీరుడు చిన్నప్పుడే పెద్దవాడు. (నీ ఎనిమిదో తరగతి ఫొటో గుర్తొచ్చింది. ఇంకేం అనను.) ఆ లార్వాకి మాంసకృత్తులు బాగా కావాలి, పెంచేవాళ్లయితే కుక్కల మేత కూడా పెడతారు. అంత తిన్నది పెద్దయ్యాక పళ్లూ చెట్ల రసమూ చాలంటుంది, సన్నాసిలాగా!

నాది చచ్చేదాకా వేటే. పక్షుల్ని తింటుందని పేరే గానీ ఎక్కువగా వానపాములు, పురుగులు, కప్పలు. 1705లో మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి పిట్టను తింటున్న సాలీడు బొమ్మ అచ్చేసింది, ఆ పేరు అక్కడ పట్టుకుంది. దగ్గరికెళ్తే బుస కొడుతుంది, అదీ నోటితో కాదు, కాళ్ల మీది వెంట్రుకలు రాపిడి చేసి. అయినా పోకపోతే వెనక కాళ్లతో పొట్ట మీది నూగు గాల్లోకి రేపుతుంది. కంట్లో పడితే అంతే సంగతులు. లైబ్రరీ ఆవిడ గుర్తొచ్చిందా? నాకూ.

సరే, ఎగరడంలో నువ్వే గెలిచావు. అక్కడితో ఆపు.

కానీ ఒకచోట మనసు అదోలా అయిందిరా. ఆడ సాలీడు 20 ఏళ్ల దాకా బతకగలదు, పెద్దయ్యాక కూడా కుబుసం విడుస్తుంది, ఊడిన కాలు మళ్లీ మొలుస్తుంది. మగదానికి కొన్నేళ్లే. నీ బీటిల్‌కి రెక్కలొచ్చాక కొన్ని నెలలే, కాలు విరిగితే విరిగినట్టే. అంత ఒళ్లు పెంచుకున్నది ఈ నాలుగు నెలల ముచ్చటకేనా అని... పోనీలే, నువ్వు నవ్వుతావు.

అసలు కాళ్ల సంగతి చెప్పనేలేదు! సాలీడు కాళ్లలో కొన్ని కీళ్ల దగ్గర చాపే కండరాలే ఉండవు, లోపలి ద్రవాన్ని ఒత్తి చాపుతుంది, అందుకే చచ్చాక కాళ్లు ముడుచుకుని... అదిగో ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, ఉంటా, దీనికి జవాబు వెంటనే రాయి.

నీ సాలెగాడు