థేమ్స్ పోలీసుల కథలో బురదలో దిగిన పిల్లలేరీ?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో విక్టోరియా రాణి కాలపు లండన్‌లోని థేమ్స్ నది దొంగల మీద, వాళ్ళ ఆట కట్టించిన నది పోలీసుల మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. రాత్రి గస్తీ పడవలు, లాంతర్లు, పొగమంచు చక్కగా వర్ణించారు. కానీ నది మీద బతికే 33,000 మందిలో 11,000 మంది దొంగలేనన్న మాటను జనాభా లెక్కల్లోంచి తీసినట్టుగా వేసేశారు. అది చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అంకె ప్యాట్రిక్ కాల్కూన్ అనే మేజిస్ట్రేటుది. వెస్టిండీస్ చక్కెర వర్తకుల చేత డబ్బు పెట్టించి, జాన్ హారియట్‌తో కలిసి 1798 జులైలో తూర్పు లండన్ నదీతీరంలోని వాపింగ్ దగ్గర నది పోలీసు దళాన్ని పెట్టింది ఆయనే. పోలీసు దళం కావాలని అడుగుతున్న మనిషి వేసుకున్న అంచనా అది. ఎవరూ గట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టలేదు. రెండువందల ఏళ్ళ తర్వాత తెలుగు పత్రికలో కూడా ఆ కూలీల్లో ప్రతి మూడోవాడూ దొంగే అని అచ్చవడం నాకు బాధ కలిగించింది.

నేను కాకినాడ పాత రేవులో టాలీ గుమాస్తాగా, అంటే ఎక్కే దిగే సరుకు లెక్క రాసేవాడిగా, పనిచేసి రిటైరైనవాణ్ణి. మా దగ్గర ఓడ బయట సముద్రంలో లంగరేస్తుంది, సరుకు బార్జీల్లో వెళ్తుంది. కాల్కూన్ నాటి థేమ్స్‌లోనూ ఓడలు లండన్ బ్రిడ్జికి దిగువన నది మధ్యలో ఆగితే, సరుకును లైటర్లనే బల్లపరుపు పడవల్లోకి దించేవారు. సుంకం సరుకు దించడానికి చట్టం ఒప్పుకున్న గట్టు మొత్తం కలిపినా సుమారు 1,400 అడుగులే. వందల ఓడలకు ఆ గట్టు ఏమూలకి? చక్కెర పీపాలు రోజుల తరబడి నీళ్ళ మీదే పడి ఉండేవి. సరుకు ఎక్కడ ఆగితే అక్కడ చేతివాటం మొదలవుతుంది. ఇది రేవులో పనిచేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

రాలిన సరుకు సంగతి కూడా అంతే. కొక్కెం తగిలి గోనెసంచికి చిల్లు పడితే బియ్యం రాలుతుంది. బార్జీ అడుగున రాలిన ఆ బియ్యం ఎవరిదన్న దానిమీద మా రేవులో ఎన్నో తగాదాలు చూశాను. ఒక ఎగుమతిదారు మనిషి, ఊడ్చుకెళ్తున్న ముసలామె కొంగు విప్పించి, మట్టీ బియ్యమూ కలిపి కాటా మీద పెట్టించాడు. ఆవిడ కాటా వంక చూడలేదు, మా అందరి మొహాల వంకా చూసింది. థేమ్స్ మీద సరుకు దించే కూలీలకూ ఊడ్చిన చక్కెర తీసుకోవడం వాడుకగా వస్తున్న హక్కు. కూలి తక్కువిచ్చి దాన్ని చూసీ చూడనట్టు వదిలేసిందీ యజమానులే. కాల్కూన్ మనుషులు వచ్చాక అదే దొంగతనమైంది. వదులు పంట్లాలూ లోపలి సంచులూ వేసుకుని పనిలోకి రాకూడదన్నారు, ఒళ్ళు తడిమి పంపించారు. సరుకు దించే కూలీలకు కూలి రేట్లు కట్టి, తమ లెక్కలోనే పనిలో పెట్టుకున్నారన్నది కూడా నిజమే, ఆ మేలు కాదనను. అయినా ఆ ఏడాది అక్టోబరులో, బొగ్గు తీసుకున్నందుకు 40 షిల్లింగుల జరిమానా వేసిన రాత్రే, జనం వాపింగ్ ఠాణా మీద రాళ్ళ వర్షం కురిపించారు. ఆ గొడవలో తుపాకి గుండు తగిలి పోలీసుల తరఫున పనిచేసే గేబ్రియల్ ఫ్రాంక్స్ అనే మనిషి ప్రాణం పోయింది. మీ వ్యాసంలో ఇది ఒక్క వాక్యమైనా లేదు.

విక్టోరియా రాణి గద్దెనెక్కి రెండేళ్ళయ్యాక, 1839లో, ఈ దళాన్ని లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో కలిపేశారు. అప్పటికే ఖరీదైన సరుకులో చాలా భాగం గోడల లోపలికి వెళ్ళిపోయింది. వెస్టిండియా డాక్స్ అనే ఓడల రేవును 1802లోనే 20 అడుగుల ప్రహరీతో తెరిచారు. నా ఉద్దేశంలో చక్కెర దొంగతనాన్ని అణచడంలో పోలీసు పడవకి ఎంత పేరుందో ఆ గోడకీ అంత ఉండాలి. ఇక బయట నదిలో మిగిలిందేమిటి? బొగ్గు, పాత ఇనుము, తాళ్ళు, ఓడ అడుగున కొట్టే రాగి మేకులు. వాటికోసం బురదలో దిగినవాళ్ళెవరు? ఎక్కువగా పిల్లలు, ముసలమ్మలు.

వాళ్ళని మడ్‌లార్కులనేవారు. ఆటుకి నీళ్ళు తీయగానే వట్టి కాళ్ళతో బురదలో దిగి, దొరికింది ఏరి పాత టోపీలోనో గంపలోనో వేసుకునేవారు. 1850 ప్రాంతంలో హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించి రాశాడు. ఆరు కిలోల పైచిలుకు బొగ్గు ఏరి ఇరుగుపొరుగు పేదలకి అమ్మితే చేతికి ఒక పెన్నీ. రాగి మేకులైతే పౌండు నాలుగు పెన్నీలు పలికేవి, కానీ రాగి రేకు కొడుతున్న ఓడల దగ్గరికి వీళ్ళని రానిచ్చేవారు కాదు. అలాంటి మేకే ఒక పిల్లవాడి పాదంలో దిగబడింది. మూడు నెలలు కుంటుతూ ఉండిపోయాడు. రోజూ పొద్దున్నే తల్లి వాణ్ణి వీపున మోసుకుని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళేది. అడుగు వేయగలిగాడో లేదో మళ్ళీ బురదలో దిగాడు. ఇంకొకడు బొగ్గు పడవ దగ్గర పోలీసులకు దొరికి కొద్ది రోజులు జైల్లో ఉన్నాడు. బురద కంటే జైలే నయమన్నాడు వాడు. అక్కడ కోటూ, బూట్లూ, మేజోళ్ళూ ఇచ్చారట, ఏమీ తినకుండా పడుకోవలసి వస్తుందన్న భయం లేదట. ఆ కాలం గురించి మీరు వేసిన రెండు పేజీల్లో ఈ ఇద్దరికీ చోటు లేకపోవడమే నా ఫిర్యాదు.

పోలీసుల మీద నాకు కోపం లేదు. పడవకి ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు ముగ్గురు కానిస్టేబుళ్లు. పైకప్పు లేని పడవ, చలికాలం రాత్రులు, పోటుకు ఎదురుగా తెడ్లు వేయడం. నదిలో తేలిన శవాల్ని ఒడ్డుకి చేర్చింది కూడా వాళ్ళే. 1878 సెప్టెంబరు 3 సాయంత్రం వూలిచ్ దగ్గర ప్రిన్సెస్ ఆలిస్ అనే విహార నౌకను బొగ్గు ఓడ బైవెల్ క్యాజిల్ గుద్దేసింది. 600 మందికి పైగా పోయారు. నగరం మురుగు వదిలే చోటు అది, ఈత వచ్చినవాళ్ళు కూడా ఆ నీళ్ళలో నిలవలేకపోయారు. అంత రద్దీ నదిలో అప్పటికీ పోలీసుల చేతిలో ఉన్నవి తెడ్ల పడవలే. ఆవిరి లాంచీలు 1880ల మధ్యలో గానీ రాలేదు. వర్తకుల పీపాలకి ఒక్క ఏడాదిలో దళం నిలబడింది, మనుషుల ప్రాణాలకి లాంచీ రావడానికి అన్నేళ్ళు పట్టింది.

మన దేశపు కళాసీల మాటా మీరు తలుచుకోలేదు. అదే తూర్పు లండన్ రేవుల్లో జీతం చేతిలో పడ్డ నావికుణ్ణి సత్రాలవాళ్ళు దోచుకునేవారు. అక్కడ లష్కర్లని పిలిచే మన కళాసీలు, ఊరూ భాషా తెలియనివాళ్ళు, వాళ్ళకి తేలిగ్గా దొరికేవారు. లైమ్‌హౌస్‌లో 1857లో వీళ్ళకోసం వసతి గృహం తెరవాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. నది మీద నేరమంటే సరుకు పోవడం ఒక్కటే కాదు కదా. రేవు కూలీలు గంటకి ఆరు పెన్నీల కోసం 1889లో సమ్మె కట్టిన సంగతి కూడా ఈ కథలోదే. దాన్ని ఎవరైనా వివరంగా రాస్తే చదవాలని ఉంది.

రెండో భాగం వేస్తామని వ్యాసం కింద రాశారు. అందులో ఆ 11,000 అంకె ఎవరు వేసిందో, ఎందుకు వేసిందో దయచేసి సవరణగా ప్రచురించండి. ఆ పిల్లలకి ఒక అర పేజీ ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత టాలీ గుమాస్తా,
జగన్నాథపురం, కాకినాడ.