ఆ పేర్లు ముంబయి పుస్తకంలోనే ఉండిపోవాలా?

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబరు 4న విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర పూలదండలు పడతాయి. అది 1971 యుద్ధానిది, దాని గౌరవం దానిదే. రెండో ప్రపంచ యుద్ధంలో కాన్వాయ్‌లకు (గుంపుగా సాగే సరుకు ఓడలకు) కాపలా వెళ్లి, లేదా ఆ సరుకు ఓడల్లోనే బొగ్గు వేస్తూ, మునిగిపోయిన ఈ తీరపు కుర్రవాళ్ల పేర్లకూ అక్కడ చోటు కావాలి.

సమాధి లేని అలాంటివారి పేర్లు ముంబయిలోని ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో ఒక పుస్తకంలో ఉన్నాయి. చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో మరో ప్రతి ఉంది. నౌకాదళం వాళ్లు 400 పైచిలుకు, వ్యాపార నౌకల వాళ్లు దాదాపు 6,000. తెల్ల యూనిఫాం వాళ్లనే లెక్కేస్తే పదిహేను మందిలో ఒక్కరే మిగులుతారు. కలాసీలను వదిలేసి రాయి నాటడం కన్నా నాటకపోవడమే మేలు.

శవాలు ఎందుకు దొరకవని అడిగేవారికి ఒక్క ఉదాహరణ. 1944 ఫిబ్రవరి 12న మొంబాసా నుంచి కొలంబో వస్తున్న కేఆర్-8 కాన్వాయ్‌లో ఖెదివ్ ఇస్మాయిల్ అనే ఓడను మాల్దీవుల దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-27 టార్పెడోలతో కొట్టింది. రెండు నిమిషాల్లో ఓడ మునిగింది, 1,297 మంది పోయారు. నీళ్లలో ఇంకా మనుషులు తేలుతుండగానే కాపలా నౌకలు అక్కడే డెప్త్ ఛార్జీలు, అంటే నీటి అడుగున పేలే మందు పీపాలు, వేయాల్సి వచ్చింది. ఆగి మనుషులను ఎక్కించుకుంటే ఆ నౌకే తర్వాతి గురి. పైగా ధ్వనితో జలాంతర్గాములను వెతికే అస్డిక్ పరికరం చివరి 200 గజాల్లో వాటిని పట్టలేదు, అక్కడి నుంచి అంచనాతోనే పేల్చాలి. ఒక్కో పీపాలో సుమారు 130 కిలోల మందు. అమర్చిన లోతుకు చేరగానే నీటి ఒత్తిడికి పేలుతుంది. ఆ దెబ్బకు ఒంటిమీద గాయం లేకుండానే పేగులు, ఊపిరితిత్తులు చితికిపోతాయి. కాపలా నౌకే మునిగేటప్పుడు పీపాలను పేలకుండా ‘సేఫ్’కు తిప్పే వ్యవధి లేకపోతే, ఈదుతున్న సొంత సిబ్బంది కిందే అవి పేలతాయి.

ఇక రాతి మీద చెక్కాల్సిన ఈ తీరపు పేర్ల జాబితా సంగతి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. విశాఖపట్నం అని కొడితే దొరకదు. వైజాగపటం, కోకనాడ, మసూలీపటం లాంటి నాటి ఇంగ్లిషు స్పెల్లింగులన్నీ ప్రయత్నించాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట అసలే ఉండదు. హోదా కూడా చూడాలి: సరంగు (కలాసీల పెద్ద, గోదావరి లాంచీల మీద ఇప్పటికీ వినిపించే మాటే), తండేలు (సరంగు కింది మేస్త్రీ), ఫైర్‌మన్ (కొలిమిలో బొగ్గు వేసేవాడు). పేరు కలిసింది కదా అని రాసేయకూడదు. తండ్రి పేరు, ఓడ పేరు, తేదీ మూడూ సరిపోవాలి. ఒకే ఓడతో పోయినవారి తేదీ మామూలుగా ఒకటే కాబట్టి అక్కడే చాలా తప్పులు బయటపడతాయి. ఊరు రాయని నమోదులకు మాత్రం ఇళ్లలో మిగిలిన పింఛను కాగితాలు, నాటి టెలిగ్రాములే ఆధారం.

ఈ పని తూర్పు నౌకాదళం, ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ కలిసి చేయాలి. యుద్ధకాలంలో ఇక్కడి స్థావరం పేరు హెచ్‌ఎంఐఎస్ సర్కార్స్. నేటి ఐఎన్‌ఎస్ సర్కార్స్ అదే, కనుక బాధ్యత పరాయిది కాదు. జాబితాను ముందు పత్రికల్లో వేసి, అభ్యంతరాలకు మూడు నెలలు ఇవ్వండి. గ్రానైట్ మీద చెక్కిన తప్పును దిద్దలేం. పలక అడుగున మూడో వంతు ఖాళీగా ఉంచండి, ఆలస్యంగా దొరికే పేర్లే ఎక్కువ ఉంటాయి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం