క్రీట్ దీవికి తీరిగ్గా వెళ్లండి

సంపాదకులకు,

గ్రీస్ యాత్ర అనగానే ట్రావెల్ ఏజెంట్ల ప్రకటనల్లోనూ, పత్రికల పర్యాటక పేజీల్లోనూ శాంటోరిని దీవిలోని తెల్లటి ఇళ్లు, నీలి గుమ్మటాలే కనిపిస్తున్నాయి. అక్కడ రద్దీ ఎంతగా పెరిగిందంటే, క్రూయిజ్ ఓడల్లో వచ్చి శాంటోరినిలో, మైకొనోస్‌లో దిగే ప్రతి ప్రయాణికుడి నుంచి వేసవి నెలల్లో 20 యూరోల చొప్పున రుసుము వసూలు చేయాలని గ్రీకు ప్రభుత్వమే నిర్ణయించి, 2025 జులై నుంచి అమలు చేస్తోంది. చరిత్ర, సముద్రం రెండూ కావాలనుకునే తెలుగువారికి గ్రీస్‌లోకెల్లా పెద్ద దీవి అయిన క్రీట్‌ను పరిచయం చేయాలని నా విన్నపం.

నాలుగు వేల ఏళ్ల కిందట, యూరప్‌లోని తొలి నాగరికతల్లో ఒకటైన మినోవన్ నాగరికత వికసించిన నేల అది. నోసోస్‌తో సహా అక్కడి ఆరు ప్రాచీన ప్రాసాద (రాజభవన) కేంద్రాలను యునెస్కో 2025 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నోసోస్‌లో మనం ఫొటోలు తీసుకునే ఎర్ర స్తంభాలు గత శతాబ్దంలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ కాంక్రీటుతో తిరిగి కట్టించినవని చెప్పే గైడు తోడు లేకపోతే, ఆ దర్శనం సగమే అవుతుంది.

నా దృష్టిలో అంతకన్నా గొప్ప చోటు దీవి తూర్పు కొసన ఉన్న జాక్రోస్. గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త నికోలాస్ ప్లాటన్ 1961 నుంచి తవ్వకాలు జరిపిన ఈ ప్రాసాదం దోపిడీకి గురికాలేదు. ఏనుగు దంతాలు, రాగి దిమ్మలు, ముక్కలను ఓపికగా అతికి నిలబెట్టిన స్ఫటిక పాత్ర అక్కడ దొరికాయి. వాటిని క్రీట్ ముఖ్య నగరం హెరాక్లియన్ మ్యూజియంలో చూడవచ్చు. ఏనుగులు లేని దీవిలో దంతాలు దొరికాయంటే ఆనాటి సముద్ర వర్తకం ఎంత దూరం సాగిందో ఊహించుకోవచ్చు. శిథిలాల మధ్య ఊటనీరు నేటికీ నిలిచే ఉంటుంది, అందులో తాబేళ్లు ఈదుతుంటాయి. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే గులకరాళ్ల సముద్రతీరం.

తీరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బీచ్‌లను పడక కుర్చీలతో నింపేస్తున్నారని 2023లో పారోస్ దీవి ప్రజలు రోడ్డెక్కిన తరువాత, లీజుకిచ్చిన తీరంలో కనీసం సగభాగం, రక్షిత ప్రాంతాల్లో 70 శాతం ఖాళీగా ఉంచాలని 2024లో చట్టం వచ్చింది. వేసవిలో క్రీట్‌లోని రెథిమ్నో ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడుకుంటున్న మనకు, రాత్రివేళ అక్కడ దీపాలు వెలిగించకూడదని ఒకరు చెప్పనక్కర్లేదు. క్రీట్ నైరుతి కొసనున్న ఎలఫోనిసి బీచ్‌లోని గులాబీ రంగు ఇసుకను గుప్పెడైనా వెంట తెచ్చుకోకూడదు.

కాబట్టి యాత్రా నిర్వాహకులు క్రీట్‌ను ఒక పూటలో ముగించకుండా, మ్యూజియానికి ఒక రోజు, జాక్రోస్‌కు ఒక రోజు కేటాయించాలి. ఎండ తగ్గి సముద్రపు నీరు ఇంకా వెచ్చగా ఉండే అక్టోబరు ఇందుకు అనువైన కాలం. తీరంలో పాటించవలసిన నియమాలను బయలుదేరకముందే తెలుగులో ముద్రించి ప్రయాణికులకు ఇవ్వాలని, మీ పర్యాటక పేజీ కూడా వాటిని ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం