ఒరేయ్ బాబాయ్, కథ కదిలింది

ఒరేయ్ బాబాయ్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. ఇక్కడ అందరం బానే ఉన్నాం, పిల్లాడికి జ్వరం వచ్చి తగ్గింది, ఆఫీసు ఎప్పట్లాగే. అదంతా వదిలెయ్. కథ కదిలిందిరా!

అదే, భార్య పోయి ఒంటరిగా మిగిలిన ముసలాయన కథ. నాలుగు నెలలుగా ఆ మూడో పేజీ దగ్గరే (నీకు తెలుసుగా మూడో పేజీ!) రాయడం కొట్టెయ్యడం, మళ్ళీ రాయడం. ఆయనేమో మొదటి వాక్యం నుంచీ ఏడుస్తూనే ఉంటాడు, నాకు మాత్రం గుండెల్లో ఏమీ కదలదు. ఇక లాభం లేదని రాయడం ఆపేసి, పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన తీసి మొత్తం నోట్‌బుక్‌లో ఎత్తిరాశాను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందే, అది. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు కానీ చదువుతుంటే కళ్ళు పరిగెత్తేస్తాయిరా, చెయ్యి అలా కాదు, ప్రతి మాట దగ్గరా ఆగాల్సిందే.

అక్కడ దొరికింది. ఆ కథలో రావుగారు రైల్లో ముష్టిమనిషికి ఒక్క కానీ కూడా ఇవ్వడు చూడు, పిసినారితనం కాదు, ముష్టి వెయ్యడం తప్పని ఆయన నమ్మకం. ఆ నమ్మకాల్ని పద్మరాజు ముందే అంత ఓపిగ్గా పేర్చిపెట్టాడు కాబట్టే, తుఫాను రాత్రి అవన్నీ కూలి రావుగారు అదే మనిషిని దగ్గరికి తీసుకునే చోట నాకు పెన్ను సాగలేదు. మరి నా ముసలాయనకి కూలడానికి ఏముంది? నేనసలు ఏమీ కట్టలేదుగా!

అందుకని ఆయనకి ఖర్చుల పుస్తకం ఇచ్చాను. రోజూ రాత్రి పాలు, కూరలు, ఆవిడ మందులు రాసి, కింద గీత గీసి కూడతాడు. ఆవిడ పోయిన కొన్నాళ్ళకి మళ్ళీ పుస్తకం తెరిచి పాలు రాసి, కూరలు రాసి, అలవాటుకొద్దీ 'మందులు' అని కూడా రాసేస్తాడు. పక్కన అంకె వెయ్యలేక పెన్నుకి క్యాప్ పెట్టేస్తాడు. అంతే. ఏడుపు లేదు. ఒక్క మబ్బు కూడా లేదు, నీకోసం వెన్నెల కూడా తీసేశాను!

నువ్వు చలం వైపు, నేను కొడవటిగంటి కుటుంబరావు వైపు ఉండి తెల్లవార్లూ వాదించుకున్నాం గుర్తుందా, ఈ ఖర్చుల పుస్తకం ఆలోచన కుటుంబరావుని చదవడం వల్లే వచ్చుంటుంది, ఆయన కథల్లో ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉందో తెలిస్తే మనుషులు తెలిసిపోతారు. 1980లో పోయేదాకా చందమామ కథలు దిద్దిన చెయ్యి కదా, అనవసరంగా ఒక్క మాట పడదు. నాకు ఇప్పుడు అలాంటి వాక్యమే కావాలనిపిస్తోంది. చలాన్ని వదిలేశానని కాదు, అది వేరే...

కానీ రాశాక రాత్రి నిద్ర పట్టలేదురా. ఆ పుస్తకంలో చేతిరాత మా నాన్నది. ఏడు అంకెకి మధ్యలో అడ్డగీత పెట్టేవాడు చూడు, అది కూడా కథలోకి వచ్చేసింది. తీసేస్తే పేజీ చచ్చిపోతోంది, ఉంచితే అమ్మ చదివిన రోజు ఏమంటుందో. నువ్వైతే ఏం చేస్తావో నిజంగా చెప్పు.

చివర కూడా తేలలేదు. కూతురొచ్చి ఆ పుస్తకం తెరుస్తుంది, మందుల పక్కన ఖాళీ చూస్తుంది, తనే సున్నా వేస్తే? లేకపోతే అసలు... అయ్యో, పిల్లాడు లేచాడు, మిగతాది