నీళ్లు కొడితే డీజిల్ మాయం కాదు, మోరీలో కలుస్తుంది

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో రింగు రోడ్డు మీద ట్యాంకర్ ఒరిగిన ఫొటో వేశారు. దాని కింద ‘నీళ్లు కొట్టి రోడ్డును శుభ్రం చేసిన సిబ్బంది’ అని రాశారు. ఆ మాట చదివినప్పటి నుంచి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పూట నేను అక్కడే ఉన్నాను. శుభ్రమైంది ఏమీ లేదు. రోడ్డు మీద ఉన్న డీజిల్ పక్కనున్న మోరీలోకి పోయింది. మా వైపు మోరీలన్నీ పోయి కలిసేది చెరువులోనే.

సిబ్బంది రాకముందే మొగుడూపెళ్లాలు ఎక్కిన బండి ఒకటి జారి పడింది. ఆమె మోచేయి చర్మం లేచిపోయింది. పక్క గ్యారేజీ పిల్లగాడు పరుగెత్తుకొచ్చి బనియన్ వేస్టు మూట విప్పి మడుగు అంచున పరిచాడు. మేమిద్దరం కాలితో తొక్కుతుంటే రెండు నిమిషాల్లో గుడ్డలు నల్లబడి బరువెక్కాయి, ఆ కాస్త మేర చెప్పు జారడం ఆగింది. ఇంకో నాలుగు మూటలుంటే బండ్లు పోయేంత దారి అయ్యేది. ఇంతలో పైపు తెచ్చిన వాళ్లు ‘పెద్దాయనా, పక్కకు జరుగు’ అన్నారు. మేం పరిచిన గుడ్డలతో సహా కడిగి మోరీలోకి తోశారు. అడిగితే ‘మాకు ఇచ్చింది పైపే సార్’ అన్నారు. వాళ్ల తప్పు లేదు. ఇవ్వని వాళ్లదే తప్పు.

బస్సుల రిపేరు గ్యారేజీలో 31 ఏళ్లు పని చేసినవాణ్ని. ఇంజన్ ఆయిల్ ఒలికితే మేం చేసేది ఒకటే, ముందు చుట్టూ కట్ట కట్టడం, తర్వాత పీల్చడం. ఇసుకో, రంపపు పొట్టో, కాటన్ వేస్టో, ఏది చేతికి అందితే అది. ఈ కాటన్ వేస్టు నూనెతో పాటు నీళ్లనూ తాగుతుంది. వాన పడ్డ రోడ్డు మీద నీళ్లతోనే నిండిపోయి నూనెను వదిలేస్తుంది. దానికని వేరే గుడ్డ ఉంది. ఎరువుల బస్తాలు నేసే పాలీప్రొపిలీన్‌నే సన్నటి పోగులుగా ఊది, నేయకుండా దుప్పటిలా అతికిస్తారు. దీపం వత్తి నూనెను లాగినట్టు ఆ పోగుల సందుల్లోకి డీజిల్ ఎక్కుతుంది, నీళ్లు మాత్రం ఎక్కవు. తేలుతుంది కాబట్టి చెరువులోనూ పనికొస్తుంది. సాధారణంగా తెల్లది నూనెలకు, బూడిద రంగుది ఏ ద్రవానికైనా, పసుపుది రసాయనాలకు. అదే సరుకును పొడుగాటి గొట్టపు సంచుల్లో కూరి అమ్ముతారు. ముందు మోరీ నోటికి అవి అడ్డం వేయాలి, ఆ తర్వాతే మిగతా పని. చేతికి దొరికిందల్లా చల్లడం కూడా ప్రమాదమే. గాఢ నైట్రిక్ యాసిడ్ మీద రంపపు పొట్టు పోస్తే మంటలు లేవొచ్చు. ఈ సంగతి మన రోడ్ల మీద డ్యూటీ చేసేవాళ్లలో ఎంతమందికి చెప్పారు?

నాకు ఇంకా బాధ కలిగించేది, ఇది పత్తి ఊరు. మా వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి ఎంత వస్తుందో నేను చెప్పాల్సిన పని లేదు. మొన్న మా బావమరిది చేను నుంచి చివరి ఏరుడు పత్తి గుప్పెడు తెచ్చి గింజలు తీశాను. టబ్బులో నీళ్లు పోసి, పైన గిద్దెడు డీజిల్ పోసి ఆ పత్తి వేశాను. మునగలేదు. తేలుతూనే డీజిల్ పొరనంతా తనలోకి లాక్కుంది. పక్కనే మందుల షాపు దూది వేస్తే నీళ్లు తాగి అడుక్కు పోయింది. పచ్చి పత్తి పోగు మీద సన్నటి మైనం ఉంటుంది, దూది తయారు చేసేటప్పుడు దాన్ని తీసేస్తారు. తేడా అదే. తక్కువ మైక్రోనేర్ ఉన్న, అంటే పోగు సరిగా ముదరక సన్నగా ఉన్న, శుద్ధి చేయని పత్తి తన బరువుకు 30 రెట్లకు పైగా ముడి చమురును పట్టి ఉంచుతుందని అమెరికాలో టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. డీజిల్ పలుచన కాబట్టి అంత పట్టకపోవచ్చు. అయినా మార్కెట్లో ఎవరూ ధర కట్టని పత్తికి ఇంత పని ఉందని రైతుకు ఎవరు చెప్పారు? 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లును పోగొట్టుకున్నాం. గీసుకొండ దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేశారు. అక్కడ ఇలాంటి గుడ్డ చేసే యూనిట్ ఒక్కటి పెట్టించమని అడగడం అత్యాశా?

ఒలికాక చూద్దాంలే అనుకుంటే ఏమవుతుందో చెన్నై పక్కనున్న ఎన్నూరు వాళ్లను అడగాలి. 2017 జనవరిలో అక్కడి సముద్రంలో ఓడలు గుద్దుకున్నప్పుడు జనం బకెట్లతో తారులాంటి నూనె ఎత్తారు. 2023 డిసెంబరులో తుపాను వరదలో మళ్లీ నూనె వచ్చింది. జాలర్లు మళ్లీ మగ్గులు, బకెట్లే పట్టారు. ఆరేళ్ల తర్వాత కూడా అదే బకెట్! మనకు సముద్రం లేదు, చెరువులున్నాయి. భద్రకాళి చెరువును 2024లో ఖాళీ చేశారు, ఆ తర్వాత పూడిక తీయడం మొదలుపెట్టారు, సంతోషం. చెరువుల్లోకి వచ్చే మోరీల్లో కాలిన ఆయిల్ పోసేవాళ్లను మాత్రం ఆపేవారు లేరు. నూనె పట్టిన గుడ్డలు సైతం ప్రమాదకర వ్యర్థాలేనని కేంద్ర ప్రభుత్వ 2016 నిబంధనలు చెబుతున్నాయి. వాటిని చెత్తబండిలో వేయకూడదు, మూతున్న డ్రమ్ములో దాచి అనుమతి ఉన్న చోటికి పంపాలి. మన దగ్గర గ్యారేజీ వెనక కాలబెడతారు, ఆ పొగ వాడంతా కమ్ముకుంటుంది.

ఈ విషయం మీద ఒక కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే ఇది మా పరిధి కాదు, పక్క సెక్షన్‌కు పొమ్మన్నారు. పక్క సెక్షన్‌లో సారు క్యాంపుకు పోయారు. మూడోసారి పోతే నా కాగితమే కనబడలేదన్నారు. ఒకప్పుడు కాగితం తీసుకుంటే రసీదు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ఆ మర్యాద కూడా పోయింది. నేను అడిగింది పెద్దదేమీ కాదు. ప్రమాదానికి పోయే ప్రతి బండిలో ఒక మూత డ్రమ్ము, అందులో తెల్ల గుడ్డలు ఒక కట్ట, గొట్టపు సంచులు నాలుగు, చేతి తొడుగులు, వాడటం నేర్పే ఒక పూట శిక్షణ.

నిన్న పొద్దున ఆ మోరీ దగ్గరికి పోయి కర్రతో కదిపి చూశాను. పది రోజులైనా నీళ్ల మీద రంగుల పొర తేలుతూనే ఉంది. ఈసారి రోడ్డు కడిగిన ఫొటో వేసేటప్పుడు దయచేసి పక్కనున్న మోరీ ఫొటో కూడా వేయండి.

— ఒక విశ్రాంత మెకానిక్, హన్మకొండ