రామిన్ ఎవరింటి చెట్టు?

శ్రీనూ,

రామిన్ చెక్క ఏ చెట్టుదని ఒక్క ముక్కలో అడిగేశావు. జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదురా, కాస్త ఓపిగ్గా చదువు.

బోర్నియో, సుమత్రా, మలయా ద్వీపకల్పంలోని చిత్తడి అడవుల్లో పెరిగే చెట్టిది. అక్కడ కాలి కింద ఉండేది మట్టి కాదు. వేల ఏళ్ళుగా నీళ్ళలో నాని, పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయిన ఆకులూ కొమ్మలూ వేళ్ళూను. దాన్నే పీట్ అంటారు. నీళ్ళు డికాక్షన్ రంగులో ఉంటాయి. గాలి ఆడని ఆ నేలలోంచి రామిన్ వేళ్ళు పైకి లేచి, మోకాలు మడిచినట్టు వంగి, మళ్ళీ లోపలికి దిగుతాయి. నీళ్ళలో నానే వేళ్ళకి గాలి అందేది వాటితోనే. మాను నిటారుగా 40 మీటర్ల దాకా లేస్తుంది.

శాస్త్రీయ నామం గోనిస్టైలస్ బంకానస్. గ్రీకులో 'గోనీ' అంటే మోకాలు. వేళ్ళను చూసి పెట్టారనుకునేవు, కాదు! పువ్వులో కీలం, అంటే అండాశయం మీద లేచే సన్నని కాడ, మోకాలిలా వంగి ఉంటుంది, అందుకని. బంకా అనేది సుమత్రా పక్కనున్న దీవి. 1861లో మికెల్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని అక్విలేరియాలో, అంటే మన అగరు చెట్ల ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చాడు. మరుసటి ఏడే టైస్మాన్, బినెండైక్ అనే మరో ఇద్దరు వృక్షశాస్త్రవేత్తలు గోనిస్టైలస్ అనే కొత్త ప్రజాతి కట్టారు. తర్వాత కొందరు ఏకంగా వేరే కుటుంబమే (ప్రజాతుల కంటే పెద్ద గుంపు) పెట్టేశారు. ఇప్పుడు మళ్ళీ అగరు ఉన్న థైమెలియేసీ కుటుంబంలోకే వచ్చింది. నాకైతే ఇదే సబబనిపిస్తుంది. తేడాలు లేకపోలేదు: అగరు కాయ సాధారణంగా రెండు చెక్కలుగా విచ్చుకుంటుంది, రామిన్ కాయ ఎక్కువగా మూడు. ప్రజాతి వేరు కావడానికి అలాంటివి చాలు, ఇల్లే వేరు చెయ్యనక్కర్లేదు.

పనిలోకి వస్తే, లోపలి బెరడు నార సూదుల్లా చర్మంలో దిగి దురద పెడుతుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. కోసిన చెక్క మీగడ రంగులో ఉంటుంది, చేవకీ పైచెక్కకీ రంగు తేడా దాదాపు ఉండదు. పచ్చి చెక్కను అలాగే పేర్చి వదిలేస్తే బూజు పట్టి నీలి మచ్చలొస్తాయి, అవి గీకినా పోవు. అందుకే కోసిన వెంటనే బూజు మందులో ముంచి, మధ్యమధ్య బద్దలు పెట్టి గాలాడేలా పేర్చాలి. మేకు కొడితే చీలుతుంది, ముందు డ్రిల్‌తో బెజ్జం వెయ్యి. ఆరుబయట మన్నదు, మందు మాత్రం బాగా పీల్చుకుంటుంది.

గుర్తుపట్టడానికి 10 రెట్లు చూపే భూతద్దం చాలు. అడ్డకోతలో ప్రతి రంధ్రం (చెట్టులో నీళ్ళు మోసిన గొట్టం కొన) చుట్టూ లేత రంగు కణజాలం, రెండు పక్కలకీ రెక్కలు చాచినట్టు కనిపిస్తుంది. ఆ రెక్కలు వేరే చెక్కల్లోనూ ఉంటాయి కాబట్టి రంగు, నునుపు కూడా కలిపి చూడాలి. ఇంతా చేసి రామిన్ అని తేల్చినా, ఆ ప్రజాతిలో ఉన్న 30 దాకా జాతుల్లో ఏదో భూతద్దంతో తేలదు. ఒక్క జాతినే కాపాడాలంటే దొంగ సరుకుని పక్క జాతి పేరుతో దాటించేస్తారు. 2001లో ఇండోనేషియా తన రామిన్‌ని సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మూడో అనుబంధంలో పెట్టింది. 2004లో ఆ ఒప్పంద దేశాల బ్యాంకాక్ సమావేశం ప్రజాతి మొత్తాన్నీ ఇంకా కట్టుదిట్టమైన రెండో అనుబంధంలోకి తెచ్చింది, 2005 నుంచి దేశం దాటాలంటే పర్మిట్ ఉండాల్సిందే. ఎంత మంచి పనో!

నీ దగ్గరున్న ముక్కకి శాండ్‌పేపర్ పెట్టకు, దుమ్ము రంధ్రాల్లో నిండిపోతుంది. కొత్త బ్లేడుతో అడ్డంగా పలచగా చెక్కి, కాస్త తడిపి చూడు. కనపడింది కనపడినట్టు బొమ్మ గీసి పంపు.

నీ
మూర్తి