వాట్సాప్ ఫోటోలతో ఫోటో బుక్ ఇక వేయం

ఈ నెల నుంచి వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలతో ఆర్డర్ తీసుకోవడం లేదు. ఆర్డర్ పోయినా సరేననుకునే ఈ నిర్ణయం తీసుకున్నాం.

ప్రింటు బాగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి, 200 దాకా సర్దుకోవచ్చు. 12x18 అంగుళాల పేజీ నిండా ఒకే ఫోటో పెట్టాలంటే పొడవు వైపు 5400 పిక్సెళ్లు, ఎంత తగ్గించుకున్నా 3600 ఉండాలి. వాట్సాప్‌లో మామూలు క్వాలిటీతో వచ్చిన ఫోటోకి దాదాపు 1600 మిగులుతాయి. అయిదంగుళాల సైజుకి అది చక్కగా సరిపోతుంది. ఎనిమిది దాటించామంటే ముఖాలు మైనం పూసినట్టు అయిపోతాయి. అదే ఫోటోని డాక్యుమెంట్‌గా అటాచ్ చేయండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి, ఒరిజినల్ ఫైలే వస్తుంది. స్క్రీన్‌షాట్లు మాత్రం వద్దు.

ఎవరి దగ్గర చేయించుకున్నా ముందు బైండింగ్ సంగతి అడగండి. మామూలు పుస్తకంలా వీపు దగ్గర జిగురుతో అంటించిన బైండింగ్ చవక. కానీ మడత దగ్గర అర అంగుళం దాకా లోపలికి పోతుంది. తలంబ్రాల ఫోటోని రెండు పేజీల మీద పరిచారంటే పెళ్లికూతురు చెయ్యి ఆ మడతలో మాయమవుతుంది. పెళ్లికి లే-ఫ్లాట్ తీసుకోండి, పేజీలు బల్లపరుపుగా తెరుచుకుంటాయి. అందులోనూ ముఖం సరిగ్గా మడత మీద పడకుండా మేం ఫోటోని పక్కకు జరుపుతాం. టూర్ ఫోటోలకైతే చవక రకమే చాలు, ఊరికే డబ్బు పెట్టకండి.

తెలుగు పేర్ల దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే వత్తులు విడిపోతాయి. ‘లక్ష్మి’లో క, ష, మ మూడూ విడివిడిగా, మధ్యలో పొల్లులతో కనబడతాయి. ఆన్‌లైన్ సర్వీసుల్లోనూ ఈ చిక్కు ఉండొచ్చు. డబ్బు కట్టే ముందు ‘కృష్ణ’, ‘లక్ష్మి’ అని టైప్ చేసి ప్రివ్యూ చూడండి.

రంగు విషయంలో ఉన్నమాట చెప్పాలి: ఫోన్‌లో చూసినంత వెలుగు కాగితం మీద రాదు. ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి ప్రూఫ్ (ప్రింటుకు ముందు మీకు చూపించే నమూనా) ఓకే చేస్తే, ప్రింటులో పసుపు బట్టలు ముదురుగా కనిపిస్తాయి. సగానికి తగ్గించి చూడండి. ఫంక్షన్ హాల్ ఊదారంగు లైట్లు ముఖం మీద పడిన ఫోటోల్ని కొంతవరకే సరిచేయగలం. అలాంటివి చిన్న సైజులో పెట్టుకోవడమే మంచిది.

40 పేజీలకు 120 ఫోటోలు చాలు. 800 పంపితే ఏరడానికే వారం పడుతుంది, పైగా మీ మేనమామ ఫోటో ఉండాలో లేదో మాకు తెలియదు. ఏరి పంపండి. ప్రూఫ్ వచ్చాక పేర్లు, తేదీ, ముహూర్తం ఇంట్లో ఇద్దరు చదివి ఓకే చెప్పండి. ఆ తర్వాతే మెషీన్ మీదకు ఎక్కిస్తాం.